శుక్రవారం ఎక్కించిన కుండ

ఆదివారం సెలవని లోకంలో అందరికీ ఎవరో చెప్పారుగాని, మా అమ్మకి చెప్పడం మాత్రం మరిచిపోయారు.

మా చిన్నప్పుడు, అంటే 1980లలో, తెనాలి దగ్గర మా ఊళ్ళో ఆదివారం అంటే మాంసమే. నాన్న తెల్లవారకముందే వెళ్ళి, మాంసం కొట్టించి, తామరాకులో కట్టించుకుని తెచ్చి వంటింటి గడపమీద పెట్టేవారు. అంతటితో ఆయన బాధ్యత తీరిపోయేది. ఆ తర్వాత పడక్కుర్చీ, పేపరు. అమ్మ పని అక్కణ్ణించి మొదలు. ఉల్లిపాయలు తరగడం, రోట్లో అల్లం వెల్లుల్లి నూరడం, ధనియాలు వేయించడం, పొయ్యి ఊదడం, మధ్యలో పిల్లలకి తలంట్లు. ఇంట్లో పదిమందిమి. వచ్చేది కేజీ మాంసం. కేజీ మాంసం పదిమందికి సరిపోవాలంటే అందులో ఏదో ఒకటి కలవాలి కదా! చలికాలమైతే చిక్కుడు గింజలు, మిగతా రోజుల్లో రాత్రి నానబెట్టిన శనగలు.

పొద్దున ఎనిమిదింటికి పొయ్యెక్కిన కూర ఒంటిగంటకి దిగేది. మేము తిని లేచేసరికి రెండు. అమ్మ కంచం ముందు కూర్చునేసరికి మూడు. అప్పటికి గిన్నెలో ముక్కలు ఉండేవి కావు. అడుగున ఇంత పులుసు, నాలుగు గింజలు. "అదేమిటమ్మా, నీకు ముక్కలేవీ?" అని అడిగితే, "నాకు గింజలే ఇష్టమే!" అనేది. మేము నమ్మేశాం. నమ్మడం సుఖంగా ఉండేది మరి.

ఈ సంగతి ముప్ఫై ఏళ్ళకి పైగా నా మనసులో ఎక్కడో అడుగున పడి ఉంది. దాన్ని పైకి తీసింది అమెరికాలో ఒక కుండ.

రెండేళ్ళ కిందట చలికాలంలో షికాగోలో ఉన్న మా చెల్లెలింటికి వెళ్ళాను. అది ఆస్పత్రిలో ఉద్యోగం చేస్తుంది. తెల్లవారి ఆరింటికే బయల్దేరాలి. ఒకరోజు చీకటితోనే లేచి, ఏదో పాత్రలో ఉడికించి పెట్టుకున్న గింజలు, మాంసం, ఉల్లిపాయలు వేసి, మూతపెట్టి, మీట తిప్పి, కోటు తగిలించుకుని వెళ్ళిపోయింది. ఆ పాత్ర చూడడానికి మన ఆవకాయ జాడీకి కరెంటు తగిలించినట్టుంది. దాని పేరు స్లో కుక్కర్. అక్కడివాళ్ళు ఎక్కువగా క్రాక్ పాట్ అనే అంటారు.

ఇంట్లో మనిషి లేకుండా పొయ్యిమీద కూర! నాకు మనసొప్పలేదు. అడుగంటుతుందేమోనని ఒకసారి, నీళ్ళు చాలవేమోనని ఒకసారి, ఊరికే ఒకసారి, అలా మూత తీసి చూస్తూనే ఉన్నాను. సాయంత్రం చెల్లెలొచ్చి ముక్క నొక్కి చూసింది. ఉడకలేదు.

"అక్కా, మూత ఎన్నిసార్లు తీశావు?"

"ఎంత, అయిదారుసార్లు..."

"తీసినప్పుడల్లా లోపలి వేడి పోతుంది. మళ్ళీ పుంజుకోవడానికి దగ్గర దగ్గర అరగంట. అంటే నువ్వు మూడు గంటల వంట వెనక్కి లాగేశావు. దాన్ని దాని మానాన వదిలెయ్యాలే తల్లీ!"

వదిలెయ్యడం! మా అమ్మ కూతురికి ఆ మాట ఎలా తెలుస్తుంది? ఆ రాత్రి రొట్టె, జామ్ తిని పడుకున్నాం. "దీన్ని కనిపెట్టినవాడు ఈ ఊరివాడేనట," అంది చెల్లెలు నిద్రలోకి జారుతూ. నేను బి.ఏ.లో చరిత్ర చదువుకున్నదాన్ని. కథలు రాసుకునేదాన్ని. ఆ ఒక్కమాట చాలు, నాకు నిద్ర పట్టకపోవడానికి. మర్నాటినుంచి అక్కడి లైబ్రరీకి నడిచాను.

ఆయన పేరు ఇర్వింగ్ నాక్సన్. అసలు ఇంటిపేరు నాఖుమ్‌సోన్. యూదుల కుటుంబం. ఇంజనీరు. కొత్త వస్తువులు కనిపెట్టడం ఆయనకి వ్యసనం. ఎండాకాలంలో పొయ్యి వెలిగించి ఇల్లంతా కాగబెట్టకుండా వంట చెయ్యడం ఎలాగా అని ఆలోచించాడట. (ఆయన షికాగో ఎండకే అంత బాధపడ్డాడు, మే నెలలో విజయవాడ చూసి ఉంటే ఇంకేం కనిపెట్టేవాడో!) అప్పుడు ఆయనకి వాళ్ళమ్మ టమారా చెప్పిన కబురొకటి గుర్తొచ్చింది.

ఆవిడది విల్నా. ఇప్పటి లిథువేనియా రాజధాని విల్నియస్. చిన్నపిల్లగా ఉన్నప్పుడు శుక్రవారం సాయంత్రం వాళ్ళమ్మ ఒక కుండలో గింజలు, మాంసం, దినుసులు సర్ది ఇచ్చి, బజార్లో రొట్టెల కొట్టుకి పంపించేదట. యూదులకి శుక్రవారం పొద్దుగుంకినప్పటినుంచి శనివారం చుక్కలు పొడిచేదాకా సబ్బాతు. విశ్రాంతి దినం. ఆ రోజు నిప్పు రాజేయకూడదని వాళ్ళ ధర్మగ్రంథం శాసనం. అంచేత రొట్టెలవాడు పొయ్యి ఆర్పేసేవాడు. పొయ్యి ఆరినా ఆ ఇటుకల్లో వేడి ఎక్కడికి పోతుంది? ఊళ్ళోవాళ్ళ కుండలన్నీ అందులో పెడితే, రాత్రంతా ఆ ఆరిపోతున్న వేడిమీదే మగ్గి, శనివారం మధ్యాహ్నానికి వెన్నలా ఉడికి ఉండేవి. ఆ వంట పేరు చోలెంట్.

అమ్మ చెప్పిన ఆ పొయ్యిని కొడుకు కరెంటుతో కట్టాడు. మధ్యలో కుండ, చుట్టూ వేడి తీగలు, పైన మూత. కింద మంట లేదు కనక అడుగంటే భయం లేదు. 1936లో పేటెంటుకి దరఖాస్తు పెట్టాడు. 1940 జనవరి 23న మంజూరైంది. తర్వాత దాన్ని నాక్సన్ బీనరీ అనే పేరుతో అమ్మాడు. అంటే గింజలు ఉడికించే సామాను అన్నమాట.

ఆ తేదీ దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. పేటెంటు వచ్చింది 1940 మొదట్లో. 1941లో నాజీలు విల్నాలో అడుగుపెట్టారు. మూడేళ్ళలో ఆ ఊళ్ళోని యూదుల్ని ఇంచుమించు అందరినీ చంపేశారు. పదుల వేలమంది. శుక్రవారం సాయంత్రం కుండలు మోసుకుపోయే పిల్లలు, సర్ది ఇచ్చే తల్లులు, ఎవరూ మిగల్లేదు. ఆ కుండ మాత్రం, ఒక తల్లి కొడుక్కి కబుర్లలో చెప్పబట్టి, సముద్రానికి ఇవతల మిగిలింది. మనం మన పిల్లలకి "మా అమ్మమ్మ ఏం చేసేదంటే..." అని మొదలుపెడితే వాళ్ళు ఫోను చూసుకుంటూ ఊకొడతారు. అయినా చెప్పడం మానకండి. ఏ కబురు ఎక్కడ మొలకెత్తుతుందో ఎవరికి తెలుసు?

విశ్రాంతి రోజుకి ముందురోజే కుండ సర్దే ఈ ఆచారం విల్నాతో మొదలైంది కాదు. యూదుల ధర్మశాస్త్రమైన మిష్నా క్రీస్తుశకం 200 ప్రాంతంలో కూర్చినది. అందులో సబ్బాతు గురించి చెప్పేచోట, వేడి చల్లారకుండా కుండని వేటిలో చుట్టిపెట్టవచ్చు, వేటిలో కూడదు అని ఒక అధ్యాయమే ఉంది. గుడ్డల్లో పెట్టచ్చు, పావురం ఈకల్లో పెట్టచ్చు, వడ్రంగి రంపపు పొట్టులో పెట్టచ్చు. ఎరువులో, ఉప్పులో, సున్నంలో, ఇసకలో కూడదు. ఎందుకంటే ఇవి వేడిని నిలపడం కాదు, కొత్తగా పుట్టిస్తాయి. కొత్త వేడి పుట్టిస్తే అది వంట చేసినట్టే. చేసినట్టయితే పని. పని కూడదు. చదువుతుంటే నాకు ముచ్చటేసింది. పద్ధెనిమిది వందల ఏళ్ళ కిందట మగ పండితులంతా కూర్చుని కూరకుండ ఎలా చుట్టాలా అని తర్కించుకున్నారు! ఆ తర్కం అయ్యేదాకా వంటింట్లో ఎవరు చెమటోడ్చారో మాత్రం అందులో కనపడదు.

ఆ కుండకోసం ప్రాణం పోగొట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. అది స్పెయిన్ దేశం కథ.

స్పెయిన్ యూదులు ఈ వంటని అదఫీనా అనేవారు. అరబ్బీలోంచి వచ్చిన మాట. పాతిపెట్టినది అని అర్థం. కుండని నిప్పుకణికల్లో పాతిపెట్టి రాత్రంతా వదిలేసేవారు కనక ఆ పేరు. శనగలు, గొర్రెమాంసం, ఉల్లిపాయలు, పెంకుతో సహా కోడిగుడ్లు. 1391లో అక్కడ యూదుల మీద ఘోరమైన దాడులు జరిగాయి. ప్రాణభయంతో వేలమంది క్రైస్తవంలో కలిశారు. కలిసినా కొందరి ఇళ్ళల్లో శుక్రవారం కుండ ఎక్కుతూనే ఉంది. 1480లో మతవిచారణ న్యాయస్థానాలు పని మొదలుపెట్టాయి. బయట మారి లోపల మారనివాళ్ళని పట్టుకోవడమే వాటి పని. అలాంటివాళ్ళని గుర్తుపట్టడం ఎలా? గుండెల్లో ఏముందో ఎవరికి కనిపిస్తుంది? వంటింట్లో ఏముందో మాత్రం కనిపిస్తుంది. శుక్రవారమే శనివారానికి వండి పెట్టుకోవడం నేరానికి ఆనవాలైంది.

గ్వాదలూపే అనే ఊళ్ళో బెయాత్రిజ్ నూన్యెజ్ అనే ఇల్లాలు ఉండేది. ఆవిడమీద సాక్ష్యం చెప్పినవాళ్ళలో ఇంట్లో పనిమనిషి ఒకతె. అమ్మగారు సబ్బాతుకి మాంసం, శనగలు, గుడ్లు వేసి కూర చేస్తుందని చెప్పింది. 1485లో ఆవిణ్ణి కొయ్యకి కట్టి తగలబెట్టారు.

అది చదివాక పుస్తకం మూసి కిటికీలోంచి మంచు చూస్తూ కూర్చున్నాను. శనగలు వేసిన మాంసం! మా అమ్మ ఆదివారం కూరే కదా! ఆ పనిమనిషిని తిట్టుకుందామనుకున్నాను గాని నోరు రాలేదు. ఆమెని ఏం బెదిరించారో, ఏం ఆశపెట్టారో! పైగా ఆ ఇంట్లో అమ్మగారి కుండకింద నిప్పులు సర్దింది బహుశా ఆమె చేతులే. ఒకరి విశ్రాంతి రోజుకి ముందు ఇంకొకరి పని రోజు ఉంటుంది. మన ఇళ్ళల్లో మాత్రం ఉండదూ?

ఏడేళ్ళకి, 1492లో, మతం మారని యూదులందర్నీ దేశం వదిలి పొమ్మన్నారు అక్కడి రాజూ రాణీ. అదే సంవత్సరం, ఆ రాజూ రాణీ పంపగానే కొలంబస్ పడవలు పడమటికి బయల్దేరాయి. ఆ పడవల వెనకాల వెళ్ళినవాళ్ళు అమెరికా ఖండంనుంచి ఐరోపాకి తెచ్చినవాటిలో మనం ఇప్పుడు రాజ్మా అనే గింజల జాతి ఒకటి. తెల్లవి, ఎర్రవి, మచ్చలవి, ఎన్నో రకాలు. అంతవరకు ఐరోపా కుండల్లో ఉడికింది శనగలూ, బాకలా అనే లావుపాటి చిక్కుడు గింజలూను. క్రమంగా కొత్త గింజలు ఆ చోటు ఆక్రమించాయి. విల్నా కుండలోకీ అవే చేరాయి. చరిత్ర చిత్రం చూడండి. ఏ ఏట కుండవాళ్ళని వెళ్ళగొట్టారో, ఆ ఏటే కుండలోకి గింజలకి దారి తెరిచారు.

సముద్రానికి ఇవతల బోస్టన్ పట్టణంలోనూ ఇదే కథ, వేరే మతంతో. 1630లో అక్కడ స్థిరపడ్డ ప్యూరిటన్ క్రైస్తవులు విశ్రాంతి దినం విషయంలో మహా పట్టుదల గలవాళ్ళు. వాళ్ళకి శనివారం పొద్దుగుంకగానే ఆదివారం మొదలు. ఇక వంట లేదు. అంచేత శనివారం పొద్దున్నే మట్టికుండలో గింజలు, ఉప్పులో ఊరిన పందిమాంసం వేసి పొయ్యిలో పెట్టేవారు. శనివారం రాత్రికీ అదే, ఆదివారం పొద్దున్నా అదే. తర్వాతి కాలంలో చెరుకుమడ్డి కూడా కలిపారు. ఆ మడ్డి కరిబియన్ దీవుల్లో బానిసలు నరికిన చెరుకులోంచి వచ్చేది. ఇక్కడ విశ్రాంతి, అక్కడ కొరడా. బోస్టన్‌కి ఇప్పటికీ గింజల ఊరు అనే ముద్దుపేరుంది.

మరి మన సంగతి? మనకి వారానికొక విశ్రాంతి దినం ధర్మశాస్త్రంలో లేదు. కాని సన్నసెగ రహస్యం మాత్రం బాగా తెలుసు. మా అమ్మమ్మ ఇంట్లో పెరటివైపు దాలిగుంట ఉండేది. పిడకలు పేర్చి, నిప్పంటించి, ఊక కప్పి, పైన పాలకుండ పెట్టేది. పొద్దున పెట్టిన పాలు సాయంత్రానికి ఇటుకరంగు తిరిగి, పైన చాపలా మీగడ కట్టేవి. అదఫీనా అంటే పాతిపెట్టినదని చదవగానే నాకు ఆ గుంటే కళ్ళముందు కనిపించింది. కాని చూశారా, దాలి పాలకే దక్కింది. కూర దగ్గర మాత్రం ఆడది నిలబడాల్సిందే. హైదరాబాదులో మెట్టిన తర్వాత తెలిసింది, అక్కడి హలీము కూడా గోధుమలు, పప్పులు, మాంసం కలిపి బట్టీమీద రాత్రంతా మగ్గాల్సిన వంటేనని. అయితే దాన్ని రాత్రంతా కలుపుతూ, పెద్ద కట్టెలతో మెదుపుతూ ఉండాలి. కుండకి నిద్ర ఉంది గాని మనిషికి లేదు. శనగపప్పు, సొరకాయ, మాంసం వేసే దాల్చా కూడా గింజల కుటుంబంలోదే. దమ్ బిరియానీ మూతకి పిండి చుట్టడం చూసినప్పుడల్లా, ఎవరో ఒక తల్లి కుండ మూత బిగించి, "ఇక నీ పని నువ్వు చూసుకో" అని పడుకోబోయినట్టు అనిపిస్తుంది.

1950ల చివరికి మన దేశంలో ప్రెషర్ కుక్కర్ల తయారీ ఊపందుకుంది. అది మనకి తగిన యంత్రమే. గ్యాసు ఆదా, కాలం ఆదా. కాని దాని స్వభావం చూడండి! కూతలు లెక్కపెట్టడానికి ఒక మనిషి కావాలి. స్నానంలో ఉన్నా, పూజలో ఉన్నా, చెవొకటి వంటింట్లో ఉండాలి. "ఎన్ని కూతలొచ్చాయే?" అని అరిచే మా అమ్మ గొంతు నాకింకా వినిపిస్తూనే ఉంటుంది.

అమెరికాలో నాక్సన్ తన హక్కుల్ని 1970లో రైవల్ అనే కంపెనీకి అమ్మేశాడు. వాళ్ళు దానికి రూపు మార్చి, క్రాక్ పాట్ అని పేరు పెట్టి 1971లో షికాగో ప్రదర్శనలో నిలబెట్టారు. ఆ ఏడు 20 లక్షల డాలర్ల అమ్మకం. 1975 నాటికి 9 కోట్ల 30 లక్షల డాలర్లు. ఎందుకంత గిరాకీ? ఇంటి ఆడవాళ్ళు పెద్ద సంఖ్యలో ఉద్యోగాలకి బయల్దేరిన రోజులవి. మీరు ఆఫీసుకి వెళ్ళి రండి, వంట దానంతటదే అవుతుంది అని ప్రకటనలు ఊదరగొట్టాయి. ఏమాటకామాటే చెప్పుకోవాలి, అది అబద్ధం కాదు. ఆ కుండ లేకపోతే మా చెల్లెలు రోజుకి పన్నెండు గంటలు బయట గడిపి వచ్చి మళ్ళీ పొయ్యి ముందు నిలబడాలి.

కాని ఒక సంగతి గమనించాను. విల్నాలో కుండ ఆడదానికి ఒక రోజు విశ్రాంతినిచ్చింది. షికాగోలో అదే కుండ ఆడదానికి రెండో ఉద్యోగం చేసే వీలిచ్చింది. రెండూ ఒకటి కాదు. చీకట్లో లేచి ఉల్లిపాయలు తరిగింది మా చెల్లెలే. మరిదిగారు మంచివారే, సాయంత్రం మూత తీసి, "ఆహా, ఏం వాసన!" అన్నారు. కుండని ఎవరు కనిపెట్టారన్నది చరిత్ర. మీట ఎవరు తిప్పుతున్నారన్నది సంసారం.

ఇండియా వచ్చాక నేనూ ఒకటి కొన్నాను. కొన్న మొదటివారమే చేసిన ఘనకార్యం చెప్పాలి, సిగ్గయినా సరే. ఎర్ర రాజ్మా రాత్రి నానబెట్టి, పొద్దున్నే మాంసంతోపాటు కుండలో వేసి, తక్కువ వేడిమీద పెట్టి నవల రాసుకుంటూ కూర్చున్నాను. మా చెల్లెలు గింజల్ని ముందు ఉడికించి వేసిందని తెలిసి కూడా, అది దాని చాదస్తం అనుకున్నాను. మధ్యాహ్నం గింజ కొంచెం గట్టిగానే ఉన్నా తిన్నాం. సాయంత్రానికి ఇంటిల్లిపాదికీ వాంతులు. మావారు మంచం మీదనుంచే, "నీ నవలలో విలన్ని చంపడానికి కొత్త ఉపాయం దొరికిందోయ్!" అన్నారు.

తప్పు కుండది కాదు, నాది. పచ్చి రాజ్మాలో ఫైటోహీమగ్లుటినిన్ అనే విషపదార్థం ఉంటుంది. నాలుగైదు పచ్చి గింజలు తిన్నా చాలు, కడుపు తిప్పేస్తుంది. కుతకుత మరిగితే అది నశిస్తుంది. సన్నసెగ మీద వెచ్చబడితే నశించకపోగా ఇంకా పెరుగుతుంది. అంచేత ఈ వంట చేసేవాళ్ళు ఈ ఒక్కటీ మరవకండి. రాజ్మా కనీసం అయిదు గంటలు నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో మామూలు పొయ్యిమీద తెర్లేలా మరగనివ్వాలి. పది నిమిషాలకి తక్కువ కూడదు. నేను అరగంట మరగనిస్తాను. ఆ నీళ్ళూ పారబోశాకే కుండలోకి.

తర్వాతదంతా సులువే. పావుకేజీ గింజలకి అరకేజీ మాంసం, ఎముక ఉన్న ముక్కలైతే మంచిది. లేతమాంసం ఈ వంటకి దండగ. నరాలూ పొరలూ ఉన్న ముదురు ముక్కే సన్నసెగమీద గంటల తరబడి కరిగి పులుసుకి చిక్కదనమిస్తుంది. ఉల్లిపాయలు, అల్లం వెల్లుల్లి నూనెలో ఎర్రగా వేయించి, ముక్కలు అందులో కాస్త రంగు తిరిగేదాకా తిప్పి, కారం, పసుపు, ధనియాలపొడి, ఉప్పు వేసి, గింజలతో కలిపి కుండలోకి దించాలి. నీళ్ళు మునిగేదాకా పోస్తే చాలు. ఇందులో ఆవిరి బయటికి పోదు కనక నీళ్ళు తగ్గవు. చింతపండు గాని టమాటా గాని మొదట్లో వెయ్యకండి, పులుపు తగిలితే గింజ మెత్తబడదు. అవి చివరి అరగంటలో. తక్కువ వేడిమీద ఎనిమిది నుంచి పది గంటలు. మూత తియ్యకండి. తీశారా, షికాగోలో నా గతే!

పోయిన సంక్రాంతి తర్వాత అమ్మ మా ఇంటికొచ్చి నెల్లాళ్ళుంది. డెబ్భై ఆరేళ్ళు. ఒక శనివారం రాత్రి నేను ఉల్లిపాయలు వేయిస్తుంటే మావారు గింజలు కడిగి మరగబెట్టారు. (ఆ వాంతుల తర్వాత ఆ పని ఎవరికీ వదలరు లెండి.) పదింటికి కుండ మీట తిప్పింది కూడా ఆయనే. అమ్మ గుమ్మంలో నిలబడి చూసి, "అల్లుడుగారి చేత వంటేమిటే!" అని నన్ను గదమాయించింది. రాత్రి రెండుసార్లు లేచి వంటింట్లో దీపం వేసింది. నేను వెళ్ళి తీసుకొచ్చి పడుకోబెట్టాను. "ఎవరూ లేకుండా అది ఉడుకుతోందే," అంది. భయమో, ఆశ్చర్యమో తెలియలేదు.

ఆదివారం తెల్లవారింది. ఇల్లంతా మాంసం వాసన. పని లేదు. అమ్మకి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆకుకూర బాగుచేస్తానంది, లేదన్నాను. గుడ్డలు మడత పెడతానంది, పెట్టేశామన్నాను. చివరికి వరండాలో మావారి పడక్కుర్చీలో కూర్చుంది. ఎదురుగా వారపత్రిక ఉంటే తీసుకుని, రెండు పేజీలు తిప్పి, అద్దాలు పెట్టుకునే నిద్రపోయింది. పొద్దున పదకొండింటికి అమ్మ నిద్రపోవడం నేను పుట్టి చూడలేదు. పిల్లల్ని సద్దు చెయ్యొద్దన్నాను.

ఒంటిగంటకి అందరం ఒకేసారి కూర్చున్నాం. మొదటి వడ్డన అమ్మకి. వెతికి వెతికి మూలగ ఉన్న ముక్కలు రెండు, మంచి కండముక్కలు నాలుగు వేశాను. అమ్మ కంచం వైపు చూసింది. ముక్కలన్నీ వేళ్ళతో ఒక పక్కకి జరిపి, పక్కనున్న మనవడి కంచంలో పెట్టేసింది. గింజలు, పులుసు కలుపుకుని తినడం మొదలుపెట్టింది.

"అదేమిటమ్మా! ఇవాళ కావలసినన్ని ఉన్నాయి కదా?" అన్నాను, నా గొంతు నాకే కొత్తగా ఉంది.

"చెబుతూనే ఉన్నాను, మీరెప్పుడు నమ్మారు గనక! నాకు గింజలే ఇష్టమే," అంది అమ్మ.

నిజమో, నలభై ఏళ్ళ అలవాటో నేను తేల్చుకోలేకపోయాను. ఇంకో గరిటె గింజలు వేశాను. వద్దనలేదు.